నెయ్యి వేరే కూర్చున్న ఉగాది

నా సర్వీసు మొత్తంలో నాకు మూడు మెమోలు వచ్చాయి. మొదటి రెండూ న్యాయమైనవే, నోటి దురుసు వల్ల వచ్చినవి. మూడోది ఒక బెంచీ గురించి. ఆ మెమోను మాత్రం ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకున్నాను. కొత్తగా వార్డెన్లుగా చేరిన ఆడపిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చి, హాస్టల్ నడపడంలో అన్నిటికంటే కష్టమైనది ఏమిటి మేడం అని అడిగారు. నీళ్లు, కరెంటు, పిల్లల జ్వరాలు అని చెబుతానని వాళ్లు అనుకున్నట్టున్నారు. నేను బెంచీ సంగతి చెప్పాను. విని నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఇది రాసిపెట్టండి మేడం అన్నారు. అందుకే రాస్తున్నాను.

చిత్తూరు పక్కన ఒక బాలికల గురుకుల పాఠశాలలో నేను చాలాకాలం వార్డెన్‌గా చేశాను. మూడు వందలకు పైగా ఆడపిల్లలు. మాది పాడికి పేరు పడిన ప్రాంతం. ఇక్కడ తెల్లారితే మొదట వినపడేది కోడి కూత కాదు, పాల క్యాన్ల చప్పుడు. నాలుగు ముద్దలు తినే ఇంట్లో కూడా ముద్దపప్పు మీద నెయ్యి చుక్క పడాలి, చివర్లో పెరుగన్నం ఉండాలి. పెరుగు లేకుండా చెయ్యి కడుక్కుంటే భోజనం సగంలో లేచినట్టే. అలాంటి చోట పాలు పడని పిల్ల ఒకతి మా హాస్టల్లో చేరింది.

పడని అంటే ఏదో కడుపునొప్పి కాదు. పాలు, పెరుగు, నెయ్యి ఏది నాలుక మీద పడినా మొహం వాచిపోయేది, ఊపిరి అందేది కాదు. చుక్క కూడా తగలకూడదని డాక్టరు చెప్పారు. వాళ్లమ్మ తిరుచానూరులో గుడికి వెళ్లే దారిలో పూలు అమ్ముతుంది. లాడ్జీల వెనక వాళ్లకున్నది ఒకే గది. ఆ గదిలో పూలగంపలు పెట్టుకుంటే మనుషులకు చోటు మిగలదు. చదువుకోవాలంటే ఆ పిల్లకు మా హాస్టల్ ఒక్కటే దారి.

పాపం అనిపించే రకం కాదు ఆ పిల్ల. మహా వాగుడుకాయ. టీచర్లందరి గొంతుల్నీ అనుకరించేది. నా గొంతు అయితే నాకంటే బాగా పలికేది. మామూలు రోజుల్లో ఆమెకు ఇబ్బంది ఉండేది కాదు. రోజూ వండేది పప్పు, చారు, కూర, సంగటి. మజ్జిగ వడ్డించే వేళకి ఆమె లేచి పోయేది. చిక్కంతా పండగలప్పుడే. పండగ వంటలో నెయ్యి లేని గిన్నె ఉండదు. అందుకని పండగపూట ఆమెను సిక్ రూములో బెంచీ మీద కూర్చోబెట్టి, వేరే గిన్నెలో వండిన అన్నం, చారు పెట్టేవాళ్లం. ఆ బెంచీకి ఎదురుగా కిటికీ, కిటికీలోంచి చూస్తే భోజనాల హాలు. ఆ పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని, "ఏమే, పాయసం ఎట్లుండాది? నా వంతు కూడా మీరే తాగండి, పుణ్యమొస్తాది!" అని అరిచేది. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఎంత నవ్వినా ఆ బెంచీ మీద తినేది ఆమె ఒక్కతే.

మా స్కూలుకు పండగ భోజనం దాత ఒకాయన ఉండేవారు. పెద్ద పాడి రైతు. ఊళ్లో అందరూ పెద్దాయన అనే పిలుస్తారు, ఆయనకూ అదే ఇష్టం. వినాయక చవితికీ, దీపావళికీ, ఉగాదికీ ఆయన ఇంటి నెయ్యి, ఇంటి పెరుగు వచ్చేవి. పంపించి ఊరుకోరు. స్వయంగా వచ్చి, పంచె ఎగ్గట్టి, నేతిగిన్నె పట్టుకుని ప్రతి ఆకులోనూ తన చేత్తో వడ్డిస్తే గానీ పిల్లలు ముద్ద ఎత్తకూడదు. అది ఆయన పెట్టిన ఆచారం.

ఒక ఏడు దీపావళికి వడ్డన ముగించి ఆయన వరండా వెంట వస్తూ సిక్ రూములోకి తొంగిచూశారు. పండగపూట ఒక ఆడపిల్ల ఒంటరిగా కూర్చుని చారన్నం తింటోంది. మనసు కరిగిపోయింది. "నెయ్యి లేకుండా తింటా ఉండావా బిడ్డా? ఎవురూ సూసుకోలేదా నిన్ను?" అంటూ ఆ పిల్ల గిన్నెలో గరిటెడు నెయ్యి పోసేశారు. వద్దు తాతా అని ఆమె అంటూనే ఉంది. ఒక్క చుక్కకేం కాదులే అన్నారాయన. పెద్దవాళ్లు చేత్తో వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టకూడదని మనమే కదా పిల్లలకు నేర్పిస్తాం. ఆమె ఒక ముద్ద తిన్నది.

ఆస్పత్రికి తీసుకెళ్లే దారంతా ఆమె తల నా ఒళ్లోనే ఉంది. పెదాలు వాచి, కళ్లు మూసుకుపోయాయి. ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు చప్పుడు. డాక్టర్లు కాపాడారు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు, అది చల్లారకూడదని కూడా నా కోరిక.

మా ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. రూలు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే మనిషి. ఆయన నన్ను పిలిచి, "మేడం, ఇంకోసారి ఇట్లా జరిగితే నా ఉద్యోగం పోతుంది, మీదీ పోతుంది. ఆ అమ్మాయిని చూసుకోవడం మన వల్ల కాదు. ఈ ఏడు కాగానే టీసీ ఇచ్చి వాళ్లమ్మ దగ్గరికి పంపించేద్దాం" అన్నారు.

"ఆడికి పోతే చదువు ఉండదు సార్. పూలదండలు కట్టుకుంటా ఉంటాది" అన్నాను.

"మరేం చేయమంటారు? పండగ మానేద్దామా?"

"పండగ మానొద్దు. ఉగాదికి ఆ పిల్ల అందరితో పాటు పంక్తిలో కూర్చుంటాది. అందరి ఆకులో ఏముంటాదో ఆమె ఆకులోనూ అదే ఉంటాది. పాలు, పెరుగు, నెయ్యి చుక్క లేకుండా పండగ వంట మొత్తం చేయిస్తాను. ఆమెకు ఏమన్నా అయితే టీసీతో పాటు నా రాజీనామా కూడా తీసుకోండి. ఏమీ కాకపోతే టీసీ మాట మళ్లా ఎత్తకూడదు."

ఆయన సరే అన్నారు. నేను ఓడిపోతానని ఆయన నమ్మకం. మాట అయితే ఇచ్చేశాను గానీ, పాలు లేకుండా ఉగాది వంట ఎలా చేస్తారో నాకూ తెలియదు.

మొదట మేస్త్రితో చెప్పాను. మా వంటమేస్త్రిది తమిళనాడు సరిహద్దులో ఊరు. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదు. నేను చెప్పింది విని గరిటె కింద పెట్టేశాడు.

"నెయ్యి లేకుండా పోళీలా? మేడమ్మా, తాళి లేకుండా పెళ్లి చేయమంటా ఉండారే!"

"నువ్వు చేయలేవంటే చెప్పు. తిరుపతి నుంచి ఇంకో మేస్త్రిని పిలిపిస్తాను."

అంతే. గరిటె మళ్లీ చేతిలోకి వచ్చింది. "ఎవుడు వాడు? వాడి మొహానికి పోళీ తట్టేది వస్తాదా? రాసుకోండి, ఏమేం కావాల్నో చెప్తాను" అన్నాడు.

కూర్చుని ఒక్కో వంటకమే చూసుకుంటూ పోయాం. నిజం చెప్పాలంటే ఉగాదికి పాలతో పనే లేదు. ఉగాది పచ్చడిలో ఏమున్నాయి? వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం. ఆరు రుచుల్లో పాల రుచి అనేది లేనే లేదు. స్టాఫ్ రూములో పెదవి విరిచిన టీచర్లందరికీ నేను ఇదే అప్పజెప్పాను. పులిహోర నువ్వుల నూనెతో చేస్తాం. పోళీలకు, అదే బొబ్బట్లకు, పూర్ణంలో కొబ్బరి, కాల్చడానికి నువ్వుల నూనె. ముద్దపప్పు మీదకి గానుగ నుంచి తెచ్చిన పచ్చి నువ్వుల నూనె, పొడికి వేసుకున్నట్టు. వడలకూ అప్పళాలకూ శెనగనూనె ఎప్పుడూ ఉన్నదే. పాయసం పెసరపప్పు, బెల్లం, కొబ్బరిపాలతో. మేస్త్రి వాళ్ల ఊళ్లో అది మామూలేనట. ఇంత తెలిసి తాళి, పెళ్లి అని నన్నెందుకు బెదిరించావయ్యా అంటే, అడిగిన వెంటనే ఒప్పుకుంటే మేస్త్రికి విలువేముంటాది అన్నాడు.

చివరికి పెరుగు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. పెరుగన్నం లేకుండా మూడు వందల మంది ఆకుల ముందు నుంచి లేస్తే, పండగ సగంలో ఆగిపోయిందంటారు. అప్పుడు ఆ పిల్లను అందరూ వేలెత్తి చూపిస్తారు. అది నాకు ఇష్టం లేదు. మా ప్రాంతంలో శెనక్కాయలకు, అదే వేరుశెనగకు, కరువు లేదు. విత్తనాలు నానబెట్టి, రుబ్బి, పిండితే పాలు వస్తాయి, వాటిని కాచి తోడు పెట్టొచ్చని ఎవరో చెప్పగా విన్నాను. చేసి చూద్దామన్నాను.

మొదటిసారే అద్భుతంగా తోడుకుంది. తెల్లగా, గట్టిగా, గరిటె నిలబడేట్టు. మేస్త్రి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. నేను సంతోషం పట్టలేక ఒక గిన్నెలో పోసుకుని ఆ పిల్లకు చూపించడానికి బయలుదేరబోతూ, గడప దగ్గర ఆగి, "దేంతో తోడు పెట్టినావు?" అని అడిగాను.

"దేంతో ఏంది మేడమ్మా? పెరుగుతోనే. నిన్నటి పెరుగు ఒక గరిటె ఏసినాను. తోడు ఏయకుండా ఎట్ల తోడుకుంటాది?"

పాలు లేని పెరుగుకు ఆవుపెరుగు తోడు. మేస్త్రి మీసం దించుకున్నాడు. గిన్నె అక్కడే వదిలేశాను. చేతిని నమ్మొచ్చు గానీ చేతి అలవాటును నమ్మకూడదని ఆ రోజు తెలిసింది. తర్వాత పచ్చిమిరపకాయల తొడిమలు వేసి తోడు పెట్టాం. నాలుగుసార్లు పాడయింది. ఒకసారి జిగురొచ్చింది, ఒకసారి పచ్చివాసన. చివరికి కుదిరింది. ఆవుపెరుగంత గట్టిగా లేదు, కానీ పులుపు ఉంది, అన్నంలో కలిపి ఆవాలు, అల్లం తాళింపు వేస్తే ఎవరైనా తింటారు.

ఇక పెద్దాయన. చెప్పకుండా చేయడం నాకు చేతకాదు. ఆయన ఇంటికే వెళ్లాను. కొట్టం దగ్గర మంచం వేసుకుని కూర్చున్నారు.

"రా అమ్మా. ఉగాదికి ఎన్ని డబ్బాలు నెయ్యి పంపించేది?"

"ఈసారి నెయ్యి వద్దు పెద్దాయనా. పెరుగు కూడా వద్దు."

సంగతంతా చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. దీపావళి విషయం ఎవరు ఎత్తినా ఆయనకు కష్టంగానే ఉండేది. ఆ కష్టాన్ని ఆయన కోపంగా చూపించేవారు.

"నేనేమన్నా విషం పోసినానా? నా ఇంటి నెయ్యమ్మా అది! నెయ్యి లేని ఉగాది వినేదానికే బాగలేదు. ఆ బిడ్డ ఒక్కదానికి వేరేగా పెట్టండి. ఎప్పుడూ పెట్టేదే కదా."

"ఆ బిడ్డ ఇంక వేరే కూర్చోదు పెద్దాయనా. ఈసారి నెయ్యే వేరే కూర్చుంటాది."

అనేసి లేచి వచ్చేశాను. ఆటోలో కూర్చున్నాక, అలా అనాల్సింది కాదేమో అనిపించింది. ఇల్లు చేరేలోపు, అనాల్సిందే అనిపించింది.

ఉగాది రోజు పెరట్లో కట్టెల పొయ్యిలు వేశారు. అంతకుముందే గిన్నెలన్నీ నా కళ్లముందు చింతపండు, బూడిద వేసి తోమించి, సలసలా కాగే నీళ్లతో కడిగించాను. నెయ్యి తాగి తాగి నల్లబడిన పోళీల పెనం పక్కన పెట్టేసి కొత్త పెనం కొన్నాం. మేస్త్రి కొబ్బరి రుబ్బించి పాలు పిండించాడు. నేను తలంటుకుని వచ్చేసరికి పాయసం పొయ్యి మీద ఉడికి, దించడానికి సిద్ధంగా ఉంది. వాసన కమ్మగా ఉంది.

ఆ కమ్మదనంలో ఇంకో వాసన తగిలింది. పొంగిన పాలు పొయ్యిరాళ్ల మీద మాడితే వచ్చే వాసన. పాడి ఉన్న ఇంట్లో పుట్టిన ముక్కు నాది, ఆ వాసన నిద్రలో కూడా పోల్చుకుంటాను. వంగి చూశాను. పాయసం ఉడికిన పెద్ద అండా కింద రాయి మీద తెల్లటి చార, అంచున గోధుమరంగు అట్ట.

మాకు వంటలో సాయం చేసే ఒక ఆయమ్మ ఉండేది. మేస్త్రి కంటే ముందే వచ్చి పొయ్యిలు ముట్టించేది ఆమే. పిలిచి అడిగాను.

"నేనే పొంగించినాను మేడం" అంది, సంతోషంగా. "పండగపూట పొయ్యి ముట్టిస్తే ముందు పాలు పొంగాల కదా? మీరు పాలు వద్దన్నారు, అందుకని వంటలో ఏమీ ఏయలేదు. ఈ అండాలోనే ఒక గలాసు పొంగించి, పాలు తీసి దేవుడి కాడ పెట్టి, నీళ్లు పోసి తొలిపేసినాను." నా మొహం చూసి ఆమె గొంతు తగ్గింది. "ఆ బిడ్డకి ఏమీ కాకూడదనే పొంగించినాను మేడం. ఆ బిడ్డ పేరు చెప్పుకునే పొంగించినాను."

ఆమెను ఏమనగలను? కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. మేస్త్రి తల పట్టుకుని కూలబడ్డాడు. ఆమె కూడా ఏడవడం మొదలుపెట్టింది. ఈలోగా ప్రిన్సిపాల్ వచ్చారు. విన్నారు.

"అంత పెద్ద అండాలో ఏం మిగిలి ఉంటుంది మేడం? అయినా భయమైతే ఆ అమ్మాయికి ఒక్కదానికి పాయసం వేయకండి. మిగతా అందరికీ వేయండి. సరిపోతుంది కదా?"

వినడానికి ఎంత తేలికగా ఉందో చూడండి. అందులో తప్పేముంది? ఒక్క వంటకమే కదా. పంక్తిలో కూర్చుంటుంది కదా. నేనూ ఒక్క క్షణం సరే అనబోయాను. కానీ ఆ పిల్ల అప్పటికే హాలు ముందు నిలబడి ఉంది. వాళ్లమ్మ పంపిన కనకాంబరాలు తలలో పెట్టుకుని, స్నేహితురాళ్లకు చెబుతోంది: "ఈ దినం పాయసం నేను కూడా తాగతానే. మీ ఎవురికీ పుణ్యం రాదు పోండి!" ఆ పిల్ల ఆకు ముందుకు వచ్చి పాయసం గిన్నె ఆగకుండా పక్క ఆకుకు పోతే, అది బెంచీ కాక మరేమిటి?

"ఈ పాయసం ఈ హాల్లోకి పోదు. ఎవరికీ వేయం" అన్నాను.

"పండగపూట పాయసం పారబోస్తారా!"

"పారబోయను సార్. తినేవాళ్లు ఉంటారు."

దేవుడు పంపినట్టు అప్పుడే గేట్లోంచి పెద్దాయన టెంపో లోపలికొచ్చింది. వద్దని చెప్పినా నెయ్యి డబ్బాలు, పెరుగు క్యాన్లు తెచ్చారు. ఆయన దిగి, పంచె సర్దుకుని, "సూడమ్మా, నీకు కోపమొచ్చినా సరే, నా ఆచారం నేను తప్పను" అన్నారు.

"సంతోషం పెద్దాయనా. మీ పాడిలో పనిచేసేవాళ్లు ఈ పూట పండగ చేసుకుంటా ఉండారా?"

"ఎందుకు అడగతా ఉండావు?"

"ఈ పాయసం, మీ పెరుగు క్యాన్లు ఈ టెంపోలోనే వాళ్లకి పంపిస్తా ఉండాను."

ఆయన నోరు తెరిచేలోపు మేస్త్రి మనుషుల చేత అండా ఎక్కించేశాడు. అంత వేగంగా పనిచేయడం అతని సర్వీసులో నేను చూడలేదు. పెరుగు కూడా వెనక్కి వెళ్లింది. ఆ పూట పెద్దాయన పాడిలో కూలివాళ్లు తిన్నంత మంచి ఉగాది ఈ జిల్లాలో ఇంకెవరూ తిని ఉండరు.

నెయ్యి డబ్బాలు మాత్రం ఆయన పంపనివ్వలేదు. డబ్బాల ముందు నిలబడిపోయారు. "నెయ్యి లేకుండా నేను ముద్ద ముట్టను. పొద్దున్నించీ పస్తు ఉండాను. దాతను ఆకలితో పంపిస్తావా?"

"ఎందుకు పంపిస్తాను? మీ నెయ్యి మీరు వేసుకుని తినండి. మీకు వేరే ఆకు వేయిస్తాను."

ఆయన్ని సిక్ రూముకు తీసుకెళ్లాను. నెయ్యి డబ్బాలు బెంచీ పక్కన పెట్టించాను. ఆకు వేయించి పచ్చడి, పప్పు, పులిహోర, పోళీలు అన్నీ వడ్డించాను. ఆయన పంతం పట్టి కూర్చున్నారు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

హాల్లో పిల్లలు పంక్తులుగా కూర్చున్నారు. పాయసం బదులు ఏం పెట్టాలని మేస్త్రి దిక్కులు చూస్తుంటే, ఆకుకొకటి పెట్టాలని తెచ్చిన అరటిపండ్లు కనిపించాయి. వాటిని చిదిమి, బెల్లం, మిగిలిన కొబ్బరి, ఏలక్కాయల పొడి కలిపేశాడు. ఇదేమిటని ప్రిన్సిపాల్ అడిగితే, "పంచామృతం సార్. పాలు, పెరుగు, నెయ్యి లీవు పెట్టినాయి" అన్నాడు.

నేను ఆ పిల్ల పక్క ఆకు ముందు కూర్చున్నాను. బింకంగా కూర్చున్నానే గానీ లోపల నాకు ప్రాణం నిలవలేదు. ఇంకేదైనా గరిటె నా కన్ను తప్పించుకుని ఉంటే? ఇంకెవరైనా ప్రేమ కొద్దీ ఇంకేదైనా చేసి ఉంటే? ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన సూది మందు నా కొంగుకు ముడేసి ఉంది. గేటు దగ్గర ఆటో నిలబెట్టి ఉంచాను. ఆ పిల్ల పచ్చడి నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. నా చెయ్యి కొంగు ముడి మీదకి పోయింది. "చేదు మేడం" అంది. వేపపువ్వు చేదు. తర్వాత పప్పు, పులిహోర, పోళీ. నేను ఆమె పెదాలు చూస్తూ కూర్చున్నాను.

"మేడం, నన్ను సూడొద్దు. మీ అప్పళం మెత్తబడతా ఉండాది" అంది ఆ పిల్ల, అచ్చం నా గొంతుతో.

చుట్టూ పిల్లలు గొల్లుమన్నారు. నేనూ నవ్వేశాను. అప్పుడు తిన్నాను.

పెరుగన్నం వడ్డన మొదలయ్యే వేళకు హాలు గడప దగ్గర పెద్దాయన కనిపించారు. చేతికి నెయ్యి, మెతుకులు. సగం ఆకు కూడా తిన్నట్టు లేదు. లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డారు.

"ఏమి పెద్దాయనా, ఇంకా ఏమన్నా కావాల్నా?"

ఆయన ఆ పిల్ల వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. "ఆడ ఒక్కడే కూసోని తినేది శానా కష్టంగా ఉండాదమ్మా" అన్నారు. "కిటికీలో అంతా కనపడతా ఉండాది. అందరూ నవ్వతా ఉండారు. ఎందుకు నవ్వతా ఉండారో తెలవకుండా నోట్లో ముద్ద దిగలా." మళ్లీ ఆ పిల్ల వైపు తిరిగి, "ఆ బిడ్డ ఎన్ని పండగలు ఆడ తినింది?" అని అడిగారు.

ఆయన లోపలికి అడుగు వేయబోయారు.

"ఆగండి. సబ్బు పెట్టి చేతులు కడుక్కోండి. మోచేతుల దాకా. పైపంచ ఆడనే వదిలేయండి" అన్నాను.

ఊళ్లో ఆయనతో అలా మాట్లాడినవాళ్లు లేరు. ప్రిన్సిపాల్ కళ్లు మూసుకున్నారు. పెద్దాయన వెనక్కి తిరిగి కుళాయి దగ్గరికి వెళ్లి, చిన్నపిల్లవాడిలా రెండు చేతులూ రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి, రెండు పక్కలా తిప్పి నాకు చూపించారు. పంక్తి చివర కూర్చున్నారు. పెరుగన్నం వడ్డించారు.

ఆ పిల్ల అక్కడినుంచే కేకేసింది. "తాతా, పెరుగు ఎట్లుండాది?"

ఆయన నాలుక చప్పరించి ఆలోచించారు. పాడి మనిషి, అబద్ధం చెప్పలేరు. "శెనక్కాయల వాసన" అన్నారు. ఆమె మొహం చిన్నబోయేలోపు ఆకు ముందుకు జరిపారు. "ఇంకొంచెం పెట్టమను."

ఆ తర్వాత టీసీ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్ల పది పాసయి, ఇంకా పై చదువులకు వెళ్లింది. పండగలన్నీ ఆ పద్ధతిలోనే చేశాం. పెద్దాయన దానం మానలేదు, నెయ్యి డబ్బాల బదులు శెనక్కాయ మూటలు వచ్చేవి. తెచ్చిన ప్రతిసారీ సణిగేవారు. సణగనీ. ప్రిన్సిపాల్ కూడా ఎవరైనా ఇన్స్పెక్షనుకు వస్తే, ఇదంతా తన ఆలోచనే అన్నట్టు చెప్పేవారు. చెప్పుకోనీ.

కొత్త వార్డెన్లకు నేను చెప్పేది ఒక్కటే. ఏ పిల్లనైనా, దాని మంచికే అనిపించినా సరే, వేరే కూర్చోబెట్టే ముందు మీరు వెళ్లి అక్కడ ఒక పండగ భోజనం చేసి రండి. ముద్ద దిగితే కూర్చోబెట్టండి.

ఇక మూడో మెమో సంగతి. ఉగాది మర్నాడు వంటకు కట్టెలు తక్కువయ్యాయని మేస్త్రి వచ్చాడు. సిక్ రూములో బెంచీ ఉంది, టేకు చెక్క, బాగా మండుతుంది అన్నాను. అతను గొడ్డలి తీసుకున్నాడు. స్టాకు లెక్కల వేళ ప్రిన్సిపాల్‌కు బెంచీ కనపడలేదు. పాఠశాల ఆస్తిని కాల్చినందుకు సంజాయిషీ చెప్పమని మెమో ఇచ్చారు. రూలు రూలే.

సంజాయిషీ రాశాను. ఆ బెంచీ మీద కూర్చోవాల్సిన మనిషి ఇప్పుడు ఈ స్కూల్లో ఎవరూ లేరు కాబట్టి దాన్ని పొయ్యిలో పెట్టించాను, ఆ పూట అన్నం బాగా ఉడికింది అని.